నాన్న బదులు నేను సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. నాలుగు సైకిళ్ల కీమో అయ్యాక స్కాన్ తీస్తే గడ్డ కొంత తగ్గింది. ఇప్పుడు ‘మెయింటెనెన్స్’ కోసం, అంటే జబ్బు మళ్లీ పెరగకుండా, రోజుకో మాత్ర ఇచ్చి చూసే ట్రయల్ ఉంది, చేరతారా అని డాక్టర్లు అడుగుతున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి డమ్మీ అట. ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదట. నాన్నకు క్యాన్సర్ అని మేం చెప్పలేదు, ‘ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్’ అన్నాం. ఆయన బదులు నేను సంతకం పెట్టొచ్చా? డమ్మీ ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుందా? మందు పనిచేస్తే ట్రయల్ అయిపోయాక కూడా ఇస్తారా? ఆయనకేమైనా అయితే బాధ్యత ఎవరిది?

జవాబు: మొదటి ప్రశ్నకు ఒక్క ముక్కలో చెబుతాను. పెట్టకూడదు. మీ నాన్నగారు స్పృహలో ఉన్నారు, మంచిచెడ్డలు ఆలోచించుకోగలరు. అలాంటి మనిషి తరఫున కొడుకైనా, భార్యైనా సమ్మతి ఇవ్వడం కుదరదు. మన దేశంలో మందుల ట్రయల్స్ అన్నీ 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం నడుస్తున్నాయి. రోగి సొంతంగా సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటేనే, అంటే స్పృహ లేకపోతేనో, మతిస్థిమితం లేకపోతేనో, మైనరైతేనో, మరొకరు సంతకం పెట్టొచ్చు. చదువు రాకపోవడం అలాంటి కారణం కాదు. అప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షిని కూర్చోబెట్టుకుని, రోగికి అర్థమయ్యే భాషలో అంతా వివరించి వేలిముద్ర తీసుకుంటారు.

అసలు చిక్కు మీరు దాచిన మాట దగ్గర ఉంది. కన్సెంట్ ఫారంలోనే, అంటే సమ్మతి పత్రంలోనే, జబ్బు పేరు ఉంటుంది. దాన్ని ఇన్ఫెక్షన్ మందు అనుకుని ఆయన పెట్టే సంతకం చట్టం దృష్టిలో సమ్మతే కాదు. నేను కొన్నేళ్లు ఒక ఎథిక్స్ కమిటీలో, అంటే ట్రయల్స్‌లో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీలో, న్యాయ సభ్యుడిగా ఉన్నాను. సమ్మతి తీసుకున్న తీరును వీడియో తీయాల్సిన ట్రయల్ ఒకటి మా ముందుకొచ్చింది. వీడియోలో డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నకూ కొడుకే జవాబు చెబుతున్నాడు. పెద్దాయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చివర్లో పెన్ను చేతికిస్తే ‘ఎక్కడ?’ అని మాత్రం అడిగాడు. చెల్లదని తిప్పి పంపాం. ఆ కొడుకుది చెడ్డ ఉద్దేశమని నేను అనను. మీది కూడా కాదు. కానీ చెప్పే ధైర్యం మీకు లేకపోతే ట్రయల్‌లో చేర్చే దారి కూడా మీకు లేదు. ఎలా చెప్పాలో తోచకపోతే ఆ పని డాక్టరుకే అప్పగించండి. మీరు పక్కన కూర్చుంటే చాలు.

ఇక డమ్మీ సంగతి. డమ్మీని, అంటే ప్లాసిబోను, చట్టం నిషేధించలేదు. కాకపోతే ప్లాసిబోకు వైద్యగుణం ఏమీ ఉండదనీ, ఏ గుంపులో పడే అవకాశం ఎంతో అనీ ఫారంలో రాసి తీరాలి. పరీక్షిస్తున్న మందు కూడా పనిచేయకపోవచ్చని రాయాలి. ఈ వాక్యాలు కనపడకపోతే ఆ ఫారం పట్టుకుని ముందుకు వెళ్లొద్దు.

డమ్మీ వచ్చినవాళ్లు ఎప్పుడూ నష్టపోయినట్టే అనుకోకండి. ఎర్లోటినిబ్ అనే మాత్ర కథ వినండి. కీమో తర్వాత మెయింటెనెన్స్‌గా దాన్ని ‘శాటర్న్’ అనే ట్రయల్‌లో ప్లాసిబోతో పోల్చారు. జబ్బు మళ్లీ పెరగకుండా ఉన్న కాలం మందు గుంపులో 12.3 వారాలు, డమ్మీ గుంపులో 11.1 వారాలు. దాదాపు ఒక వారం తేడా. ఆ ఆధారంతోనే 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెయింటెనెన్స్ వాడకానికి అనుమతిచ్చింది. తర్వాత ‘ఐయూఎన్ఓ’ అనే ఇంకో ట్రయల్‌లో, కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు లేనివాళ్లకు, జబ్బు పెరిగేదాకా ఆగకుండా దాన్ని ముందే మొదలుపెట్టడం వల్ల ఆయుష్షు పెరగడం లేదని తేలింది. 2016లో అదే సంస్థ ఆ మాత్రను ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. ఒంటిమీద దద్దుర్లు, విరేచనాలు ఓర్చుకుంటూ ఆ మాత్ర మింగినవాళ్లలో చాలామందికి దాని వల్ల ఒరిగింది తక్కువే. ప్లాసిబో గుంపు లేకపోతే ఇలాంటి సంగతులు బయటపడేవి కావు.

అలాగని డమ్మీ ఎప్పుడూ న్యాయమే అనుకోవద్దు. చట్టం ఇక్కడ ఒక గీత గీసింది. ఆ 2019 నియమాల్లో రూల్ 41 చూడండి. ప్లాసిబో ట్రయల్‌లో, ప్రామాణిక చికిత్స అందుబాటులో ఉండి కూడా ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం) ప్రకారం ఇవ్వకపోవడం వల్ల రోగికి హాని జరిగితే, అది ట్రయల్ వల్ల జరిగిన హాని కిందే లెక్క. పరిహారం కట్టాల్సిందే. పరీక్షిస్తున్న మందు పనిచేయక హాని జరిగినప్పుడూ ఇదే కొలత వాడతారు. కాబట్టి ‘డమ్మీ ఇస్తారా’ అని అడిగితే సరిపోదు. ‘డమ్మీతో పాటు ఏమిస్తారు’ అని అడగాలి.

నేను డాక్టర్ని కాను, కానీ ఇలాంటి ఫైళ్లు చాలానే చదివాను. ఈజీఎఫ్ఆర్ లాంటి మార్పు ఉన్నవాళ్లకు దానికి సరిపడే టార్గెటెడ్ మాత్రలు ఎప్పుడో వాడుకలోకి వచ్చాయి. స్క్వామస్ అనే రకం కాని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కీమో తర్వాత పెమెట్రెక్సెడ్ అనే కీమో మందును కొనసాగించడమూ మామూలే. అంటే మెయింటెనెన్స్ దశలో ‘ఏమీ ఇవ్వకుండా చూద్దాం’ అనేది అందరి విషయంలోనూ సరైన దారి కాదు. అందుకని డాక్టరును ఇలా అడగండి: ‘మేం ఈ ట్రయల్‌లో చేరకపోతే ఈ రోజు నాన్నకు మీరు ఏం రాసేవారు?’ ఆ జవాబును కేస్ షీట్‌లో రాయించండి. ఈజీఎఫ్ఆర్ లాంటి మార్పులు చూసే మాలిక్యులర్ టెస్ట్ రిపోర్టు కాపీ కూడా తీసుకోండి. అసలు ఆ టెస్టే చేయలేదంటే, ట్రయల్ మాట తర్వాత, ముందు అది చేయించమనండి. ట్రయల్స్‌పై స్వాస్థ్య అధికార్ మంచ్ అనే సంస్థ వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు కూడా ట్రయల్ దరఖాస్తులను పరిశీలించేటప్పుడు ఇదే చూడమంది: ముప్పుతో పోలిస్తే మేలెంత, ఇప్పుడున్న చికిత్స కంటే కొత్తదనం ఏముంది, తీరని వైద్య అవసరం ఉందా.

డమ్మీ వచ్చినవాళ్లకు జబ్బు పెరిగితే, అప్పుడు కోడ్ విప్పి, అంటే ఎవరికి ఏది పడిందో బయటపెట్టి, అసలు మందుకు మారుస్తారా? కొన్ని ట్రయల్స్ మారుస్తాయి, కొన్ని మార్చవు. ఇది ప్రోటోకాల్‌లో ముందే రాసి ఉంటుంది. ఎవరూ నోటిమాటగా ఇచ్చే హామీ పనికిరాదు.

మందు పనిచేస్తే ట్రయల్ తర్వాత ఇస్తారా అన్న మీ ప్రశ్న చాలామందికి తట్టదు. తట్టేసరికి ఆలస్యమైపోతుంది. రూల్ 27 ప్రకారం ట్రయల్ ముగిశాక కూడా స్పాన్సర్, అంటే ట్రయల్ నడిపించే కంపెనీ, మందును ఉచితంగా ఇవ్వాలి, కానీ షరతులున్నాయి. ఆ రోగికి మందు మేలు చేసిందని ఇన్వెస్టిగేటర్ (ట్రయల్ చూసే డాక్టరు) సిఫారసు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, రోగి రాతపూర్వకంగా సమ్మతించాలి, ఆ తర్వాతి వాడకానికి కంపెనీ బాధ్యత ఉండదని కూడా రాసివ్వాలి. వీటన్నిటికంటే పెద్ద షరతు ఒకటుంది: ఆ జబ్బుకు ప్రత్యామ్నాయ చికిత్స లేకపోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వేరే మందులున్నాయి కదా అని కంపెనీ చెయ్యి దులుపుకునే వీలుంది. నా దృష్టిలో ఈ రూల్ రోగి వైపు కంటే కంపెనీ వైపే ఎక్కువ మొగ్గింది. చేతిలో రూల్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ‘జబ్బు పెరగనంత కాలం మందు ఇస్తాం’ అన్న వాక్యం కన్సెంట్ ఫారంలో ఉందో లేదో వెతకండి. లేకపోతే ఇన్వెస్టిగేటర్ ద్వారా స్పాన్సర్‌ను రాతపూర్వకంగా అడగండి. సంతకానికి ముందు అడిగితే జవాబిస్తారు, తర్వాత అడిగితే నాన్చుతారు.

బాధ్యత గురించి. ట్రయల్‌లో ఉండగా ఏ హాని జరిగినా, దానికీ ట్రయల్‌కూ సంబంధం లేదని తేలేదాకా, లేదా ఇన్వెస్టిగేటర్ అవసరమన్నంత కాలం, ఈ రెంటిలో ఏది ముందైతే అంతవరకు వైద్యం స్పాన్సర్ ఖర్చుతోనే. ట్రయల్ వల్లే హాని జరిగిందని తేలితే ఆ పైన పరిహారం కూడా. మనిషి పోతే వారసులకు ఇస్తారు. అయితే క్యాన్సర్ ముదిరి జరిగే మరణానికి మామూలుగా పరిహారం రాదు. ఇది చేదుగా ఉన్నా ముందే తెలిసి ఉండటం మంచిది.

మరణానికి లెక్క ఇలా కడతారు: 8 లక్షల మూల మొత్తాన్ని వయసు అంకెతో, ముప్పు అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. 65 దాటినవాళ్లకు వయసు అంకె సరిగ్గా 99.37, కాబట్టి మీ నాన్నగారి విషయంలో అది కొట్టుకుపోతుంది. మిగిలేది ముప్పు అంకె. ఆరు నెలలకు మించి బతకరనే స్థితిలో చేరినవాళ్లకు అది 0.5, ఆరు నుంచి ఇరవై నాలుగు నెలలు అనుకున్నవాళ్లకు 1. అంటే 4 లక్షలా, 8 లక్షలా అన్నది చేరిన రోజు ఆయన పరిస్థితిని ఎలా రాశారన్న దానిమీదే ఆధారపడుతుంది. ఆ రోజు నమోదులు, స్కాన్ రిపోర్టులు మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. తీవ్రమైన హాని జరిగితే ఇన్వెస్టిగేటర్ 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకీ, స్పాన్సర్‌కూ, కేంద్ర ఔషధ నియంత్రణ అధికారికీ తెలపాలి. పరిహారం ఆర్డరు వచ్చిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి.

మధ్యలో మానేయొచ్చా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానేయొచ్చు. అందుకు జరిమానా ఉండదు, అదే ఆస్పత్రిలో మామూలు వైద్యం ఆగకూడదు. మాత్ర మాత్రమే మానేస్తున్నారా, చెకప్‌లు కూడా వద్దంటున్నారా అన్నది విడిగా రాసివ్వండి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ఫారం మీ భాషలో ఇమ్మనండి, అది మీ హక్కు. ఇంటికి తెచ్చుకుని, నాన్నగారితో కలిసి రెండు రోజులు చదవండి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది. ఏ అనుమానమొచ్చినా డాక్టరును దాటి నేరుగా అక్కడికి ఫోన్ చేయొచ్చు. అక్కడా పని కాకపోతే కేంద్ర ఔషధ నియంత్రణ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సంతకాలయ్యాక పూర్తి చేసిన ఫారం కాపీ మీకివ్వాలి. ‘జిరాక్స్ తర్వాత ఇస్తాం’ అంటే, ఇచ్చేదాకా అక్కడే కూర్చోండి.