పెట్టె సంగతి తర్వాత, ముందు క్యాసెట్లు చూడండి

ప్రశ్న: నా వయసు 37. ఉప్పల్‌లో అద్దెకుంటున్నాం. చేతికొచ్చే జీతం 82,000. అద్దె, ఇంటి ఖర్చులు, పర్సనల్ లోన్ ఈఎంఐ పోను నెలకు 20,000 దాకా మిగులుతోంది. లోన్ ఇంకా 2,10,000 ఉంది, వడ్డీ 14 శాతం. బ్యాంకులో 90,000 ఉన్నాయి. మా నాన్నగారి దగ్గర 350 సీడీలు, 120 క్యాసెట్లు ఉన్నాయి. కచేరీలు, పద్య నాటకాలు, మా నాయనమ్మ పాడినవి కూడా. ఇవన్నీ ఒకేచోట దాచి, ఇంట్లో ఏ గదిలోనైనా వినిపించే మ్యూజిక్ సర్వర్ పెట్టాలని ఆశ. 8 టీబీ డిస్కుతో రెడీమేడ్‌ది 1,44,000. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. విడిభాగాలు కొని నేనే తయారు చేసుకుంటే 36,000 అవుతుంది. ఏది మంచిది?

జవాబు: మీరే తయారు చేసుకోండి. అదీ ఈఎంఐ లేకుండా, మూడు నెలలు డబ్బు పక్కన పెట్టుకుని.

మీకు నిజంగా ఎంత చోటు కావాలో ముందు చూద్దాం. ఒక సీడీలో 700 ఎంబీ దాకా పడుతుంది. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లో అది ఇంచుమించు సగానికి వస్తుంది. అంటే 350 సీడీలకు 125 జీబీ. గంట నిడివి క్యాసెట్లు 120 అనుకున్నా మరో 40 జీబీ. మొత్తం 200 జీబీ దాటదు. మీకు చూపిస్తున్నది 8 టీబీ, అంటే 8,000 జీబీ! నలుగురి కాపురానికి ఫంక్షన్ హాల్ అద్దెకు తీసుకున్నట్టుంటుంది. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) మీకు ధారాళంగా సరిపోతుంది.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని అప్పు అంటూ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే తేల్చి చెప్పింది. ఆ వడ్డీ వస్తువు ధరలోనో, మీరు వదులుకున్న డిస్కౌంట్‌లోనో కలిసి ఉంటుంది. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నెలకు 12,000 కట్టడానికి సిద్ధపడ్డారు కాబట్టి అదే 12,000 తీయండి. మొదటి మూడు నెలల డబ్బుతో మీ 36,000 సర్వర్ వచ్చేస్తుంది. మిగతా తొమ్మిది నెలల 1,08,000 లోన్‌కు కట్టండి. 14 శాతం వడ్డీ మీద ఏడాదికి 15,000 దాకా భారం తగ్గుతుంది. ముందుగా కడితే ఛార్జీ ఏమైనా ఉందేమో బ్యాంకును ఒకసారి అడగండి. ఆ 90,000 మాత్రం ముట్టుకోవద్దు. మీ ఖర్చులకు అది నెలన్నరకే సరిపోతుంది.

పని మీరు భయపడేంత కష్టం కాదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు, ఎస్‌ఎస్‌డీ, డిజిటల్ ఫైలును శబ్ద సంకేతంగా మార్చి ఆంప్లిఫయర్‌కు పంపే డాక్ (DAC), మంచి పవర్ అడాప్టర్ ఉంటే చాలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఓ శనివారం వెళ్లి నాలుగు షాపులు తిరిగి ధర అడగండి. బిల్లు లేకుండా 500 తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, రేపు వారంటీకి ఆ కాగితమే ఆధారం. సాఫ్ట్‌వేర్ ఉచితం. 2012లో లాజిటెక్ కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అనే తన మ్యూజిక్ ప్లేయర్లను ఆపేసినా, వాటి సర్వర్ ప్రోగ్రామ్ ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేది) కావడంతో అది లైరియన్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. రెడీమేడ్ పెట్టెకు కంపెనీ యాప్ ఆగిపోతే ఈ వెసులుబాటు ఉండకపోవచ్చు. బోర్డు 5 వాట్లు లాగితే రోజంతా నడిచినా నెలకు 4 యూనిట్ల లోపే. పాత డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడమని ఎవరైనా చెబితే మాత్రం ఆలోచించండి, 60 వాట్ల లెక్కన నెలకు 43 యూనిట్లు. కరెంటు టక్కున పోతే బోర్డులోని మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకని చిన్న యూపీఎస్ పెట్టండి.

మీ 36,000 లెక్కలో అదనపు కాపీ కోసం రెండో డిస్కు ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఇంకేదైనా తగ్గించి అది చేర్చండి. డాక్ చవకదైనా ఫర్వాలేదు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా అమ్మ పాడిన మంగళహారతులు నా దగ్గర ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేవి. ఓ రాత్రి అది టిక్ టిక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. వారంటీ ఉంది, కొత్త డిస్కు ఇచ్చారు కూడా. ఖాళీ డిస్కు. రికవరీకి డిస్కు ధరకు ఆరు రెట్లు ఖర్చయింది, సగం ఫైళ్లే తిరిగొచ్చాయి. అందుకే ఒక కాపీ ఇంట్లో, ఇంకో కాపీ మీ అక్కచెల్లెళ్ల ఇంట్లోనో ఊళ్లోనో ఉంచండి.

అసలు శ్రమ క్యాసెట్ల దగ్గరే, పెట్టె ఏది కొన్నా అది తప్పదు. 120 క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కాలంటే అవి పాడినంతసేపూ పాడాలి, 120 గంటలు. వారానికి నాలుగు గంటలైతే ఏడు నెలలు. క్యాసెట్ ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. క్యాసెట్ ముందు భాగంలో టేపును హెడ్‌కు నొక్కే చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, పాతవాటిలో అది ఊడిపోతుంది, శబ్దం మందగిస్తుంది. వేరే క్యాసెట్ నుంచి ఆ ముక్క తీసి అతికించవచ్చు.

దీనికి సర్వర్ కోసం ఆగక్కర్లేదు, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఈ ఆదివారమే నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని లేబుల్ లేని క్యాసెట్లు ముందు తీయండి. ఆ గొంతు ఎవరిదో, ఏ ఊళ్లో పాడించారో ఆయన చెబుతుంటే ఫైలు పేరుగా రాసుకోండి. సీడీలు ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు.