గాల్లోనే విమానాలకు ఇంధనం నింపే మన స్క్వాడ్రన్ చరిత్ర ఏంటి? అందులో కింద పనిచేసేవాళ్ళకి విలువ ఉంటుందా?

అడిగిన తమ్ముడిది చంద్రగిరి పక్కన పల్లె అంట, అగ్నివీర్ వాయుకి ప్రిపేర్ అవతా ఉండాడంట. నాది తిరుపతే. ఎయిర్‌ఫోర్స్‌లో ఎంటీడీ ట్రేడ్, అంటే డ్రైవర్, ఆగ్రాలో మూడేళ్ళు బౌజర్, అంటే విమానాలకు ఇంధనం తెచ్చే లారీ, తోలినా కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

స్క్వాడ్రన్ నంబర్ 78, పేరు మార్స్. మిడ్ ఎయిర్ రీఫ్యూయలింగ్ స్క్వాడ్రన్ అనే పేరునే పొట్టిగా చేసి అట్ల పిలుస్తారు. 2003లో ఆగ్రాలో మొదలైంది. విమానాలు ఐఎల్ 78 ఎంకేఐ, తాష్కెంట్‌లో తయారైనవి, మొత్తం 6 కొన్నారు. అప్పటికే 1985 నుంచి మనోళ్ళు ఐఎల్ 76 నడుపుతా ఉన్నారు, గజరాజ్ అంటామే అదే, ఇది కూడా ఆ జాతి బండే, కాకపోతే దాని కడుపులో సామాన్లకు బదులు ఇంధనం, రెండు రెక్కల కింద రెండు, తోక వైపు ఒకటి, మూడు చోట్ల పైపులు చుట్టిన పాడ్‌లు.

ఆ పైపు చివర షటిల్ కాక్ మాదిరి ఒక బుట్ట ఉంటుంది, బాస్కెట్ అంటారు. వెనక వచ్చే ఫైటర్‌కి ముక్కు దగ్గర ప్రోబ్ అని ఒక గొట్టం, దాన్ని ఆ బుట్టలో గుచ్చితే లాక్ పడి ఇంధనం దిగతాది. వినడానికి ఇంతే, కానీ ఫైటర్ దగ్గరికొచ్చే కొద్దీ దాని ముక్కు తోసే గాలికే బుట్ట పక్కకి పోతాది. బుట్టనే చూసి వెంటపడితే దొరకదు, టాంకర్‌ని, అంటే ఇంధనం పోసే విమానాన్ని, చూసుకుంటా నిదానంగా ముందుకి రావల్ల అని పైలట్లు చెప్పేవాళ్ళు. ఎందుకింత తిప్పలంటే, బాంబులు నిండుగా వేసుకుంటే ఫైటర్ బరువైపోతాది, అప్పుడు ఇంధనం తగ్గించి లేచి, పైకి పోయినాక నింపుకోవచ్చు. దూరం పోవాలన్నా అంతే. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల మీద బాంబులేయడానికి అసెన్షన్ దీవి నుంచి వల్కన్ బాంబర్‌ని పంపినప్పుడు ఇంగ్లాండోళ్ళు 11 విక్టర్ టాంకర్లు లేపినారు, టాంకర్‌కి ఇంకో టాంకర్ పోసుకుంటా పోయినారు.

మన స్క్వాడ్రన్‌కి మొదటి పెద్ద పరీక్ష 2004లో, పుట్టిన ఏడాదికే. జాగ్వార్ ఫైటర్లు ఆగ్రా టాంకర్ల తోడుతో అలాస్కాలోని ఐల్సన్ ఎయిర్ బేస్ దాకా ఎగిరిపోయినాయి. మళ్ళీ 2008లో సుఖోయ్ 30లు రెడ్ ఫ్లాగ్ అనే యుద్ధ విన్యాసాలకి అమెరికాలోని నెల్లిస్ ఎయిర్ బేస్ దాకా. ఈ రెండూ నేను గర్వంగా చెప్పుకుంటా, ఎవురు అడిగినా అడక్కపోయినా.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఆకాశంలో పోసే బండికి కింద ఎవురో ఒకరు పోయాల కదా నాయనా, ఆ పని మాది. డిసెంబర్‌లో ఆగ్రా మంచు ఎట్లుంటుందంటే బౌజర్ ముందు మనిషి టార్చ్ పట్టుకొని నడిస్తే తప్ప నాకు దారి కనపడేది కాదు. రెక్క పక్కన ఆపి, చక్రాలు కదలకుండా వీల్ చాక్స్ అనే దిమ్మెలు పెట్టి, మొట్టమొదట ఎర్త్ వైరు క్లిప్ తగిలించాల, అది మరిస్తే స్టాటిక్ నిప్పురవ్వ చాలు. తర్వాత గాజు జార్‌లోకి శాంపిల్ పట్టి టార్చ్ వెలుగులో తిప్పి చూడాల, నీళ్ళ చుక్క గానీ నలక గానీ ఉంటే ఆ బౌజర్ ఆ పూటకి వాపసే. ఎందుకంటే ఆ నీళ్ళు పైన చలికి గడ్డ కడతాయి, పైగా ఆ ఇంధనం ఒక్క విమానంలో ఉండిపోయేది కాదు, పైన ఇంకో నలుగురి విమానాల్లోకి పోతాది. వేళ్ళు కొంకర్లు పోతా ఉన్నా ఆ జార్‌ని నేను ఒక్కరోజు కూడా తొందరగా చూసి వదల్లేదు.

ఒక బాధ ఉంది, అదీ చెప్తా. ఇంత దేశానికి 6 అంటే చాలా తక్కువ. స్పేర్ పార్టులు అందక కొన్ని కిందే ఉండిపోతా ఉంటాయి, 2010 నుంచి 2016 దాకా ఎగరడానికి సిద్ధంగా ఉన్నది సగటున 49 శాతమేనని, ఉండాల్సింది 70 అని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టే చెప్పింది. ఎయిర్‌బస్ ఏ330 టాంకర్లు కొనాలని రెండు సార్లు ఎంపిక చేసి రెండు సార్లూ ఆపేసినారు, ఒకటి 2010లో, ఇంకోటి 2016లో. ఖర్చు ఎక్కువన్నారు. టాంకర్ ఖర్చు చూసేవాళ్ళు అది లేకపోతే ఎన్ని ఫైటర్లు సగం దూరంలో వెనక్కి తిరగాల్నో కూడా లెక్కేయాలని నా అభిప్రాయం.

2018 సెప్టెంబర్ 10న మన తేజస్ మొదటిసారి గాల్లో ఇంధనం తీసుకునింది, 20,000 అడుగుల ఎత్తులో, ఐఎల్ 78 నుంచే, 1900 కిలోలు. అప్పటికి నేను రిటైరై తిరుపతి వచ్చేసినా. పేపర్‌లో ఆ వార్త చూసి, బౌజర్ మీటర్ లీటర్లలో కదా ఉండేది, పేపర్ అంచున పెన్నుతో లెక్కేసినా. సుమారు 2400 లీటర్లు. మా ఆవిడ ఏమి లెక్కలు అవి అనింది, ఆ ఇంధనం కూడా మా మాదిరి ఎవురో ఒకడు శాంపిల్ చూసి, వోచర్ మీద సంతకం పెట్టి ఎక్కించిందే అని చెప్పినా.