ధ్రువ శిబిరంలో మంచు రేగితే

అంటార్కిటికాలో పని గురించి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రీషియన్. అంటార్కిటికా బృందానికి ఎంపికయ్యాడు. అక్కడి మన పరిశోధన స్టేషన్ మైత్రికి దూరంగా కొన్నాళ్లు టెంట్లలో ఉండాలట. ఉన్ని బట్టలు ఎన్ని కొనమంటారు?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: పైన తొడుక్కునే ధ్రువ దుస్తులు యాత్ర నడిపే గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రమే ఇస్తుందమ్మా. మీరు చూసుకోవాల్సింది ఒంటిని అంటి ఉండే లోపలి బట్టలు. నూలు బనియన్ ఒక్కటి కూడా పెట్టకండి. మన ఉక్కపోతకి నూలు ఎంత హాయో అక్కడ అంత ప్రమాదం. చెమట పీల్చుకుని వదలదు, పని ఆపగానే ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. మెరీనో ఉన్నివో పాలిస్టర్‌వో పల్చటి జతలు మూడు చాలు.

అక్కడ చలికన్నా ముందు భయపడాల్సింది తడికే. అందుకే పని మొదలెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించేలానే బయల్దేరాలి. పార పట్టిన పది నిమిషాలకి ఒళ్లు వేడెక్కుతుంది. చెమట పట్టకముందే ఒక పొర విప్పి, ఆగగానే మళ్లీ తొడుక్కోవాలి. మేజోళ్లు మరీ బిగుతైతే రక్తం ఆడక వేళ్లు మొద్దుబారతాయి. ఒక పొడి జత ఎప్పుడూ లోపలి జేబులో ఉండాలి. పల్చటి గ్లౌజుల మీద పెద్ద చేతితొడుగులు వేసి, వాటిని తాడుతో మెడకి తగిలించుకోవాలి. గాలికి ఒకటి ఎగిరిపోయిందా, ఆ చేతి వేళ్ల మీద ఆశ తగ్గినట్టే.

మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 36 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది దాదాపు మైనస్ 34లా తగులుతుంది. తన ముక్కు తెల్లబడటం మనిషికి కనిపించదు. అందుకే ఇద్దరిద్దరుగా పని చేస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. తెల్లమచ్చ కనిపిస్తే రుద్దకూడదు, రుద్దితే గడ్డకట్టిన కణజాలం చితుకుతుంది. వెచ్చటి అరచేతితో కప్పి ఉంచితే చాలు. లోతుగా గడ్డకట్టిన వేళ్లని 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచాలి. అయితే మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేదని తేలాకే ఆ పని చేయాలి. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం ఎక్కువ.

ప్రశ్న: మాకు తుపాన్లు అలవాటే. కానీ మంచు తుపానులో టెంటు కూరుకుపోదా?
– డిగ్రీ విద్యార్థి, రాజోలు

జవాబు: కూరుకుపోతుంది. స్టేషన్లే కూరుకుపోయాయి. మంచు పలక మీద 1983-84లో కట్టిన మన మొదటి స్టేషన్ దక్షిణ గంగోత్రి కొన్నేళ్లకే మంచు కిందికి పోయింది. 1989 నాటి మైత్రిని రాతినేల మీద కట్టారు.

తుపానులో ఎదురయ్యే మంచులో చాలాభాగం ఆకాశం నుంచి పడేది కాదు. నేల మీది పొడిమంచునే గాలి లేపి మోస్తుంది. గోదావరిలో ఏదైనా అడ్డు తగిలినచోట ప్రవాహం నెమ్మదించి ఇసుక మేట వేస్తుంది, లంకలు పెరిగేది అలాగే. టెంటు వెనక గాలి నెమ్మదించిన చోట మంచు కూడా అలాగే మేట వేస్తుంది. ఒక టెంటు మేట ఇంకో టెంటు మీద పడకుండా, అన్నిటినీ గాలికి అడ్డంగా ఒకే వరసలో ఎడంగా వేయాలి. పెట్టెలు, బండ్లు కూడా అదే వరసలో. గుమ్మం గాలికి ఎదురుగా పెట్టకూడదు. పారని రాత్రిపూట టెంటు లోపలే ఉంచాలి, బయట పెడితే తెల్లారేసరికి దాన్ని తవ్వి తీయడానికి ఇంకో పార కావాలి.

మేకులు పొడిమంచులో నిలవవు. అర మీటరు లోతు గాడి తీసి, తాడు కట్టిన వెదురుముక్కనో మంచు నింపిన గోనెసంచినో అందులో అడ్డంగా పడుకోబెట్టి, మంచు పోసి తొక్కాలి. అరగంటకి మంచు గింజలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అప్పుడే తాడు బిగించాలి. తొందరపడి ముందే లాగితే ఊడొస్తుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పిరమిడ్ టెంటుకి చుట్టూ ఉండే గుడ్డ అంచు మీద మంచు దిమ్మలు పేర్చాలి.

స్టవ్ వెలిగించినప్పుడు పైనున్న గాలిగొట్టం తెరిచి ఉందా, మంచు మూసేసిందా అని తప్పకుండా చూసుకోవాలి. స్టవ్ నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి మొదలైతే ముందు స్టవ్ ఆపి తలుపు తీయాలి.

టెంటు నుంచి టెంటుకి, మరుగుదొడ్డికి తాడు కట్టి ఉంచాలి. అంతా తెల్లగా మారి నేలా ఆకాశమూ కలిసిపోతే పది అడుగుల దూరంలోని టెంటు కూడా దొరకదు. అప్పుడు తాడు వదిలి ఒక్క అడుగు వేయకూడదు.

ప్రశ్న: ఐస్ ఫ్యాక్టరీలో జనరేటర్ చూస్తుంటాను. అంత చలిలో డీజిల్ పనిచేస్తుందా?
– మెకానిక్, భీమవరం

జవాబు: మామూలు డీజిల్ పనిచేయదండి. సంక్రాంతి రోజుల్లో సీసాలో కొబ్బరినూనె పేరుకుంటుంది కదా, డీజిల్లోని మైనం కూడా చలికి అలాగే విడిపోయి ముందు ఫిల్టర్‌ని మూసేస్తుంది. అందుకే విమాన ఇంధనం లాంటివి వాడతారు. జెట్ ఏ-1 గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు. ట్యాంకు నిండుగా ఉంచాలి, ఖాళీ ఉంటే లోపలి తేమ నీరై పైపులో గడ్డకడుతుంది. పొడిమంచు గాలి ఫిల్టర్‌లో దూరి కరిగి మళ్లీ బిగుస్తుంది కాబట్టి తుపాను తర్వాత ముందు అది విప్పి దులపాలి. ఇంధనం ఒలికి చేతిమీద పడిందంటే క్షణాల్లో చర్మం గడ్డకడుతుంది. అది కూడా బయటి గాలంత చల్లగానే ఉంటుంది, పైగా ఆవిరవుతూ వేడిని లాగుతుంది. జనరేటర్ కింద ట్రే తప్పనిసరి. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందం, మన 2022 అంటార్కిటికా చట్టం అక్కడి నేలని పాడుచేయనివ్వవు.

లిథియం బ్యాటరీలని సున్నా డిగ్రీల కింద చార్జింగ్ పెడితే లోపల లోహం పేరుకుని అవి శాశ్వతంగా చెడిపోతాయి. ముందు ఒంటివేడికి వెచ్చబరచాలి. పీవీసీ తీగలు వంచితే పగులుతాయి, సిలికాన్ తొడుగువి తీసుకెళ్లాలి.

ప్రశ్న: తాగునీళ్లు ఎలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోసి, వాటిలో మంచు కొద్దికొద్దిగా వేయాలి. వట్టి మంచు వేస్తే అడుగున కరిగిన చెమ్మని పైమంచు పీల్చేసుకుని గిన్నె మాడిపోతుంది. కిలో మంచుగడ్డ కరగడానికి పట్టే వేడితో కిలో నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీలదాకా కాచవచ్చు, ఇంధనం లెక్క అందుకే పెద్దది. మెత్తటి మంచు కాకుండా గాలికి గట్టిపడిన దిమ్మలు కోసుకోవాలి, అదే గిన్నెకి రెండింతలకు పైగా నీళ్లొస్తాయి. తాగునీటి మంచుకి టెంట్ల నుంచి గాలి వచ్చే వైపు చోటు ఎంచి జెండా పాతాలి. మరుగుదొడ్డి రెండో వైపున.

ప్రశ్న: అక్కడ శాస్త్రవేత్తలు ఇంకా పెన్సిలే వాడతారట, నిజమేనా?
– హైస్కూలు విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: నిజమేనమ్మా. బాల్‌పెన్ సిరా చలికి చిక్కబడి గీత పడదు. పెన్సిల్‌తో రాసింది తడిసినా చెరగదు.