ఆగస్టాలో మెకంజీ జాడ ఎంత?

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థిని. మాస్టర్స్ గోల్ఫ్ పోటీలు జరిగే అమెరికాలోని ఆగస్టా మైదానాన్ని ఒక వైద్యుడు రూపొందించారని విన్నాను. అది నిజమేనా? నేటికీ ఆ మైదానం ఆయన గీసినట్టే ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మొదటిది నిజమే, రెండవది కాదు. 1870లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టిన అలిస్టర్ మెకంజీ వైద్యం చదివి, బోయర్ యుద్ధకాలంలో శస్త్రవైద్యుడిగా దక్షిణాఫ్రికా వెళ్ళారు. బోయర్లు (అక్కడ స్థిరపడిన డచ్ సంతతివారు) తవ్వుకున్న కందకాలు పరిసరాల్లో కలిసిపోయి శత్రువు కంటికి ఆనకపోవడాన్ని ఆయన అక్కడ శ్రద్ధగా గమనించారు. తరువాత గోల్ఫ్ కోర్సులు (మైదానాలు) గీసేటప్పుడు బంకర్ల, అంటే బంతికి అడ్డుగా ఉంచే ఇసుక గుంటల, అంచులను నున్నగా తీర్చకుండా, గాలివానలకు కోసుకుపోయిన ఇసుకమేటల్లా వదలడానికి ఆ పరిశీలనే పునాది అయింది. నేల వాలును ముందు చదివి, పనిని దానికి తగ్గట్టు మలచడం ఆయన పద్ధతి. గుట్టల నడుమ సందు చూసి పాఖాల చెరువు కట్ట వేసిన కాకతీయుల నాటి వారికి ఇది కొత్తగా తోచి ఉండదు.

ఆగస్టాను ఆయన, నాటి మేటి ఆటగాడు బాబీ జోన్స్ కలిసి ఒకప్పటి మొక్కల నర్సరీ స్థలంలో రూపొందించారు. ఫెయిర్‌వేలు, అంటే బంతిని కొట్టుకుంటూ సాగే గడ్డి దారులు, విశాలం; బంకర్లు తక్కువ. సాధారణ ఆటగాడికి చుట్టుదారి ఉంటుంది, దగ్గరిదారి కోరే నేర్పరి మాత్రం తెగించాలి. 1934 జనవరిలో మెకంజీ కన్నుమూశారు, తొలి పోటీ మార్చిలో జరిగింది. ఆయనకు రుసుం కూడా పూర్తిగా అందలేదంటారు.

మార్పులు వెంటనే మొదలయ్యాయి. తొలి పోటీ తరువాత మైదానంలోని పద్దెనిమిది హోల్స్‌లో (ఒక్కో గుంతకు చేరే ఆట భాగాల్లో) మొదటి తొమ్మిదినీ చివరి తొమ్మిదింటినీ తారుమారు చేశారు. 1937లో పదవ హోల్ గ్రీన్‌ను (గుంత ఉండే నున్నటి గడ్డి భాగాన్ని) వెనుకనున్న ఎత్తుకు జరిపారు. పాత గ్రీన్ పక్కన ఉండిన మెకంజీ బంకర్ మాత్రం ఫెయిర్‌వే నడుమ ఒంటరిగా మిగిలిపోయింది. మంచి ఆటగాళ్ళకు అది అడ్డే కాదు, అయినా దాన్ని పూడ్చలేదు. నా దృష్టిలో ఆగస్టాలో ఆయన చేతిపని అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది, ఆటకు పెద్దగా పనికిరాని ఆ బంకర్‌లోనే!

కాబట్టి ఆయన పనిని అధ్యయనం చేయదలిస్తే 1928లో తెరుచుకున్న కాలిఫోర్నియాలోని సైప్రస్ పాయింట్‌నూ, ఆస్ట్రేలియాలోని రాయల్ మెల్‌బోర్న్ పశ్చిమ కోర్సునూ ముందు చూడండి. 1926లో మెల్‌బోర్న్ వెళ్ళిన మెకంజీ ప్రణాళిక ఇచ్చి తిరిగి వెళ్ళిపోగా, గోల్ఫ్ ఆటగాడు అలెక్స్ రస్సెల్, మైదాన సంరక్షకుడు మిక్ మోర్కమ్ దాన్ని నేల మీదికి తెచ్చారు. సివిల్ విద్యార్థిగా మీరు వారిద్దరి పేర్లనూ మెకంజీ పేరు పక్కనే రాసుకోవాలి.