‘మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు’ అంటే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌, నాచారం. మా తమ్ముడికి 23 ఏళ్లు. పక్క కాలనీ అమ్మాయిని గుళ్లో పెళ్లి చేసుకున్నాడు. టెన్త్ మెమో ప్రకారం ఆమెకు 19 నిండాయి. ‘ఆశలు పెట్టి, మాయమాటలు చెప్పి మా పిల్లను తీసుకెళ్లాడు’ అని వాళ్ల నాన్న ఫిర్యాదు ఇచ్చారు. కిడ్నాప్ కేసు అవుతుందా?

జవాబు: టెన్షన్ పడకండమ్మా. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 137 సెక్షన్ కింద ప్రలోభపెట్టి తీసుకెళ్లారనాలంటే ఆ మనిషి 18 ఏళ్లు నిండనివారో, మతిస్థిమితం లేనివారో అయి ఉండాలి. 19 ఏళ్ల అమ్మాయికి అది వర్తించదు. అందుకే టెన్త్ మెమో భద్రంగా పెట్టుకోండి. వయసు తేల్చడానికి ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మైనర్ల విషయంలోనూ ‘వెంట వెళ్లడం’ వేరు, ‘తీసుకెళ్లడం’ వేరు అని వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. మద్రాసులో 18కి దగ్గర పడిన ఒక కాలేజీ అమ్మాయి తానే వరదరాజన్‌కు ఫోన్ చేసి, చెప్పిన రోడ్డు మీదికి వెళ్లి, అతని కారెక్కింది. ఇల్లు విడవమని అతను పురిగొల్పినట్టు రుజువు కాలేదు కాబట్టి నిర్దోషిగా వదిలేశారు. అయితే ఇప్పుడు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ఉంది. అమ్మాయి మైనరైతే శారీరక సంబంధానికి ఆమె ఒప్పుకోలు చెల్లదు. ఈ తీర్పు చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు.

మీ తమ్ముడికి ఇబ్బంది వస్తే అదే న్యాయ సంహితలోని 87 సెక్షన్‌తోనే. బలవంతంగానో మోసంతోనో తీసుకెళ్లి, ఇష్టం లేని పెళ్లికి ఒత్తిడి చేస్తే పదేళ్ల వరకు శిక్ష. దీనికి మేజరా కాదా అన్న తేడా లేదు. ‘పెళ్లి చేసుకుందాం, బాగా చూసుకుంటా’ అన్న మెసేజ్‌లు మోసం కావు. ముందే పెళ్లయిన సంగతి దాచినా, లేని ఉద్యోగం ఉందని నమ్మించినా మాట వేరు. వాణ్ని కూర్చోబెట్టి ఈ రెండూ గట్టిగా అడగండి. దాచినది ఉంటే వకీలుకి ముందే తెలియాలి.

అన్నిటికంటే బలమైనది అమ్మాయి మాట. ‘నా ఇష్టంతోనే వచ్చాను’ అని ఆమె మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వాలి. ఆమె మాట్లాడుతుంటే మీవాళ్లెవరూ పక్కన ఉండొద్దు, నేర్పి పంపొద్దు. ఫోన్లు ఆపేసి వైజాగో బెంగళూరో వెళ్లిపోతే పోలీసులకు అనుమానం పెరుగుతుంది. అరెస్టు భయముంటే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ వేయండి. అమ్మాయి తరఫు నుంచి బెదిరింపులుంటే రక్షణ కోరుతూ జంట హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఆ తండ్రి కడుపుకోత నిజమైనదే, ఆయనతో స్టేషన్‌లో వాదనకు దిగకండి. గుళ్లో పెళ్లికి సర్టిఫికెట్ లేకపోతే ఈలోగా పెళ్లి రిజిస్టర్ చేయించండి. పెళ్లి ఫొటోలు, శుభలేఖ ఉంటే అదీ, ఇద్దరి వయసు పత్రాలు, సాక్షులను తీసుకెళ్లండి.