హరితకు, ప్రయాణ గ్రాంటు దరఖాస్తు గురించి

తిరుపతి

చి. హరితకు పెద్దమ్మ ఆశీస్సులు.

బంగారు బల్లుల మీద నువ్వు చేస్తున్న పనిని చూపించి, గుడ్ల పొదుగుదలను కొలిచే పద్ధతి నేర్చుకోవడానికి జర్మనీలోని ఒక ప్రయోగశాలకు కొన్ని వారాలు వెళ్లాలని అనుకుంటున్నట్టు రాశావు. ప్రయాణానికి డబ్బిచ్చే సంస్థల జాబితా పంపమని కూడా అడిగావు. జాబితా ఈ ఉత్తరంలోనే కొంత దొరుకుతుంది. అయితే కళాశాలలో పనిచేసిన కాలంలో ఎంపిక సంఘాల్లో కూర్చుని ఇలాంటి దరఖాస్తులు చాలా చదివినదాన్ని కాబట్టి, జాబితా కంటే ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉందని చెప్పగలను. ఈ ప్రయాణం లేకపోతే నీ పరిశోధనలో సరిగ్గా ఏ పని ఆగిపోతుంది? దానికి జవాబు రెండు వాక్యాల్లో చెప్పగలిగిన రోజున దరఖాస్తు సగం పూర్తయినట్టే. అది చెప్పలేనంతవరకు ఎన్ని సంస్థల పేర్లు తెలిసినా ఉపయోగం లేదు.

నువ్వు పంపిన ముసాయిదాలో "ఈ పర్యటన నా విజ్ఞానాన్ని విస్తృతం చేస్తుంది, ప్రముఖ శాస్త్రవేత్తలను కలిసే అవకాశం కల్పిస్తుంది" అని ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. కాని ఆ మాట వృక్షశాస్త్ర విద్యార్థి రాయవచ్చు, రసాయనశాస్త్ర విద్యార్థి రాయవచ్చు, ఏ దేశానికి వెళ్లేవారైనా రాయవచ్చు. ఎవరైనా రాయగలిగిన వాక్యం ఎవరినీ ఎంపిక చేయించదు. దాని బదులు నీ దగ్గర ఉన్నదేమిటో, లేనిదేమిటో చెప్పు. శేషాచలం కొండల్లో వాగుల దగ్గర రాతి చూరుల కింద ఈ బల్లులు ఒకే చోట గుంపుగా గుడ్లు పెడతాయని, ఆ చోట్ల ఉష్ణోగ్రత, తేమ కొలతలు నువ్వు సేకరించావని, గుడ్డు లోపల పిండం ఎదుగుదలను గుడ్డుకు హాని లేకుండా కొలిచే పరికరం, దాన్ని వాడటంలో అనుభవం ఇక్కడ నీకు అందుబాటులో లేవని, ఆతిథ్యమిచ్చే ప్రయోగశాలలో ఆ పని వేరే గెక్కో (బల్లి) జాతుల మీద ఇప్పటికే జరుగుతోందని, తిరిగి వచ్చాక ఫలానా అధ్యాయం ఆ పద్ధతితో పూర్తవుతుందని వరుసగా రాస్తే, చదివేవారికి నిన్ను పంపడానికి కారణం కనిపిస్తుంది.

చదివేవారిలో సరీసృపాల గురించి తెలిసినవారు ఒక్కరైనా ఉంటారన్న భరోసా పెట్టుకోవద్దు. సూక్ష్మజీవశాస్త్రం చదివిన ఆచార్యుడో, వ్యవసాయ శాస్త్రవేత్తో నీ దరఖాస్తును వరుసలో ఇరవయ్యవదిగా చదువుతుండవచ్చు. అందుకని మొదటి పేరాలోనే నీ జీవి ప్రాముఖ్యం పట్టుకొనేలా చెప్పు. ఈ బంగారు బల్లి చెందిన కాలోడాక్టైలోడిస్ ప్రజాతిలో ప్రపంచం మొత్తానికి రెండే జాతులున్నాయి. ఒకటి మన తూర్పు కనుమల్లోది, రెండవది శ్రీలంకలోది. మన జాతిని బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ 1870లో వర్ణించాడు. ఈ మూడు వాక్యాలు చదివిన ఎవరైనా నాలుగో వాక్యం చదువుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. ఈ బల్లి శేషాచలానికే పరిమితమని రాయవద్దు. ఒడిశాలోను, తమిళనాడులోను కూడా దీన్ని గుర్తించారు. మన కొండల మీద అభిమానంతో రాసిన అతిశయం ఒక్కటి పట్టుబడితే, మిగిలిన పేజీల్లోని నిజాలకూ విలువ తగ్గుతుంది.

ఇక డబ్బిచ్చేవారి విషయం. సదస్సుకు వెళ్లడానికిచ్చే సహాయం వేరు, ప్రయోగశాలకు వెళ్లి పని నేర్చుకోవడానికిచ్చేది వేరు. ఒకదానికి రాసిన దరఖాస్తు రెండవదానికి పంపితే చదవకుండానే పక్కన పెడతారు. నీది రెండవ రకం. బ్రిటన్‌లోని కంపెనీ ఆఫ్ బయాలజిస్ట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ తన పత్రికల పేరిట పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ట్రావెలింగ్ ఫెలోషిప్పు సరిగ్గా ఇలాంటి సందర్శనలకే ఉద్దేశించింది. దాని పరిమితి 3,000 పౌండ్ల వరకు ఉంటుంది. జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీ నీ అంశానికి దగ్గరగా ఉంటుంది కనుక ఆ పత్రిక కింద అడగడం మంచిది. ఐరోపా అణు జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే శాస్త్ర వినిమయ గ్రాంట్లను కూడా చూడు. భారతదేశం 2016 నుంచి, ఎంబోకు డబ్బిచ్చే దేశాల కూటమి ఎంబీసీలో అనుబంధ సభ్యదేశం కావడం వల్ల మనవారికి ఆ తలుపు తెరుచుకుంది. అయితే వారి మొగ్గు జీవకణాల, అణువుల స్థాయి పనివైపు ఉంటుంది. పిండం ఎదుగుదల కోణం నుంచి నీ పనిని నిజాయితీగా చెప్పగలిగితేనే అక్కడ ప్రయత్నించు.

రేపు ఎప్పుడైనా సదస్సుకు వెళ్లవలసి వస్తే మన ప్రభుత్వ సహాయం అడగవచ్చు. విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ పరిశోధన బోర్డు (ఎస్‌ఈఆర్‌బీ) నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం పేరు నీ సీనియర్లు చెప్పే ఉంటారు. ఆ బోర్డు 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో కలిసిపోయింది కాబట్టి, సీనియర్ల దగ్గరున్న పాత ఫారాలు, పాత నిబంధనల కాగితాలు నమ్ముకోక, ఇప్పటి ప్రకటన తెరిచి మొదటి నుంచి చివరి వరకు చదువు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్), కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) సహాయాలకూ ఇదే మాట వర్తిస్తుంది. సదస్సు నిర్వాహకులను రిజిస్ట్రేషన్ రుసుములో తగ్గింపు అడగడానికి మొహమాటపడవద్దు. ప్రపంచ బ్యాంకు వర్గీకరణలో మన దేశం దిగువ మధ్యాదాయ దేశాల్లో ఉంది, చాలా సదస్సులు ఆ దేశాల విద్యార్థులకు వేరే రేటు పెడతాయి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ ఆందోళన పడే సంగతి రాస్తాను. గ్రాంటు మంజూరు కావడం వేరు, డబ్బు నీ చేతికి రావడం వేరు. చాలా సంస్థలు ముందు నువ్వు ఖర్చు పెట్టి, తిరిగి వచ్చి, రసీదులు పంపాక చెల్లిస్తాయి. అంటే విమానం టికెట్టు, వీసా రుసుము, బస అన్నీ కలిపి పెద్ద మొత్తం కొన్ని నెలలపాటు నీ ఇంటి మీద పడుతుంది. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000 రూపాయలు అయిన మాట నిజమే కాని, అది ప్రతి నెలా సమయానికి ఖాతాలో పడుతుందని లెక్క వేసుకొని టికెట్టు కొనకూడదు. మీ నాన్న నీ చదువు కోసం వడ్డీకి తేవడానికి కూడా వెనకాడడని నాకు తెలుసు. ఆ అవసరం రాకుండా చూడటం నీ బాధ్యత. దరఖాస్తు పంపేముందే డబ్బిచ్చే సంస్థకు ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాసి, టికెట్టు వరకైనా ముందుగా చెల్లించే వీలుందా అని అడుగు. అలా అడగడం దరఖాస్తుకు చెరుపు చేయదు. విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగంలో బయానాగా కొంత ఇచ్చే పద్ధతి ఉందేమో కూడా రాతపూర్వకంగా కనుక్కో, నోటిమాట మీద ఆధారపడవద్దు.

ఖర్చు అంచనాలో గుండ్రటి అంకెలు వేయవద్దు. విమాన ఛార్జీ ఏ రోజున ఎంత చూశావో రాయి. జర్మనీతో సహా ఐరోపాలోని చాలా దేశాలకు చెల్లే షెన్‌గెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానితోపాటు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. తిరుపతి నుంచి చెన్నైకి వీసా పని మీద వెళ్లివచ్చే ఖర్చు కూడా చేర్చు, అది చిల్లర ఖర్చు కాదు. ప్రభుత్వ డబ్బుతో వెళ్లే ప్రయాణమైతే టికెట్టు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలో ఒకదాని ద్వారానే కొనాలి. చవకగా దొరికిందని వేరే చోట కొంటే తర్వాత బిల్లు చెల్లించకుండా తిప్పి పంపుతారు. బోర్డింగు పాసులు ఒక్కటీ పారేయకు.

పాస్‌పోర్టు తిరుపతి సేవా కేంద్రంలోనే అవుతుంది, దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. షెన్‌గెన్ ప్రాంతం విడిచే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలన్నది మాత్రం చూసుకో. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టవచ్చు, పదిహేను రోజులకంటే ఆలస్యం చేయకూడదు.

నీ ముసాయిదాలో నన్ను బాగా కలవరపెట్టిన వాక్యం ఇంకొకటుంది. బల్లి గుడ్ల పెంకులు, తోక కొసల నమూనాలు వెంట తీసుకెళ్తానని రాశావు. ఆ వాక్యం వెంటనే తీసివేయి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం మన జీవ వనరులను పరిశోధన కోసమైనా దేశం దాటించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతుల సంగతి తేల్చుకోవాలి. అటవీ శాఖ నీకిచ్చిన అనుమతి కొండ మీద పని చేసుకోవడానికే తప్ప నమూనాలు విమానం ఎక్కించడానికి కాదు. కొలతలు, ఛాయాచిత్రాలు, అరుపుల రికార్డింగులు తీసుకెళ్లు. పద్ధతి అక్కడి జాతుల గుడ్ల మీద నేర్చుకొని వచ్చి ఇక్కడ చేయి. ఇదే మాట దరఖాస్తులో కూడా రాస్తే, నిబంధనలు తెలిసిన విద్యార్థి అని వారికి అర్థమవుతుంది.

ఆతిథ్యమిచ్చే ఆచార్యుని ఆహ్వాన పత్రం "మీరు రావచ్చు" అని ఒక్క ముక్కలో ఉంటే చాలదు. ఏ తేదీలు, ఏ పరికరం, రోజూ నీకు నేర్పేదెవరు అన్నది అందులో ఉండాలి. అడిగితే వారు సంతోషంగా రాస్తారు, కావాలంటే నువ్వే నాలుగు వాక్యాలు ముసాయిదాగా పంపు. మీ గైడు గారి సిఫారసు కోసం చివరి వారం దాకా ఆగవద్దు. కనీసం నెల ముందు నీ ప్రయోజన వివరణ, ఖర్చు అంచనా చేతికిచ్చి, ఆయన నిన్ను కొండ మీద పని చేస్తుండగా చూసిన సంగతులు రాయమని వినయంగా అడుగు. విభాగాధిపతి, రిజిస్ట్రారు సంతకాలతో వచ్చే నిరభ్యంతర పత్రానికి పండుగ సెలవులు, పరీక్షల రోజులు లెక్కలో వేసుకో.

ఈసారి రాకపోతే సంస్థకు రాసి, పరిశీలకుల అభిప్రాయాలు ఇవ్వగలరేమో అడుగు. కొందరు ఇస్తారు. అవి చూసుకొని అదే వివరణను దిద్ది తర్వాతి గడువుకు పంపు. ప్రస్తుతానికి ఆ మొదటి పేరా ఒక్కటి మళ్లీ రాసి, ఖర్చు పట్టికతో కలిపి నాకు పంపించు. రెండూ చదివి గుర్తులు పెట్టి పంపుతాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ