సమ్మర్ టైర్లు: మైలేజ్ చూడాలా, తడి రోడ్డు గ్రిప్ చూడాలా?

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారుకి 205/55 ఆర్16 సైజు సమ్మర్ టైర్లు (చలికాలం కాని నెలల్లో వేసేవి) చూస్తున్నారు, యూరప్ టైర్ లేబుల్ మీద (‘ఎ’ అన్నిటికన్నా మంచి గ్రేడ్) ఒకటి మైలేజ్‌లో ‘ఎ’, తడి గ్రిప్‌లో ‘సి’, రెండోది సరిగ్గా రివర్స్, ధర దాదాపు ఒకటే, ఏది తీసుకోవాలి అని కదండీ మీ ప్రశ్న. రెండోదే తీసుకోండి. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉంటూ రెండు రకాలూ వాడినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు డబ్బు లెక్క. లేబుల్ మీద ఒక్కో గ్రేడ్ పెరిగితే మామూలు పెట్రోల్ కారుకి 100 కిలోమీటర్లకి సుమారు 0.1 లీటరు మిగులుతుంది. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే రెండు గ్రేడ్లకి 24 లీటర్లు, లీటరు 1.75 యూరోలు వేసుకుంటే 42 యూరోలు. నెలకి మూడున్నర యూరోలన్నమాట.

అదే తడి గ్రిప్ అయితే, 80 వేగంలో బ్రేక్ వేసినప్పుడు ఒక్కో గ్రేడ్‌కి సుమారు 3 మీటర్ల తేడా వస్తుంది. ‘ఎ’ టైరు 28 మీటర్లలో ఆగిందనుకుంటే ‘సి’ టైరుకి 34 పడుతుంది. ఆరు మీటర్లేగా అనిపిస్తుంది కానీ, మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోట రెండో కారు ఇంకా గంటకి దాదాపు 34 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ముందు బండికి గుద్దుకునేది ఆ వేగంతోనే.

సమ్మర్ అనగానే మన ఎండాకాలం గుర్తుపెట్టుకుని ఆలోచించకండి. జర్మనీలో చాలాచోట్ల వానలు ఎక్కువ పడేదే జూన్, జులై, ఆగస్టుల్లో. ఊల్మ్ నుంచి వస్తూ ఎ8 హైవే మీద ఆల్బ్ కొండ దిగేటప్పుడు వాన పట్టుకుంటే, పాత మైలేజ్ టైర్లతో బ్రేక్ కాస్త గట్టిగా తొక్కగానే ఏబీఎస్ (చక్రాలు లాక్ అయి జారకుండా చూసేది) కాలి కింద టకటకా కొట్టుకునేది. ఇప్పుడున్న ‘ఎ’ గ్రిప్ టైర్లతో అదే దిగుడులో, అదే కారులో, అంత బ్రేక్ వేసినా కారు నిలకడగా తగ్గుతుంది. పక్కన ఇంట్లోవాళ్లు కూర్చున్నప్పుడు టెన్షన్ లేకుండా ఉండటం నాకు చాలా పెద్ద విషయం.

ఇంకో మాట, లేబుల్‌లో తడి గ్రిప్ అంటే కొత్త టైరుతో తిన్నగా పోతూ బ్రేక్ వేసిన కొలతే. మలుపులో ఎలా ఉంటుంది, లారీల వల్ల రోడ్డు మీద పడ్డ గాడుల్లో నీళ్లు నిలిస్తే కారు తేలిపోతుందా అన్నది అందులో ఉండదు. దానికి జర్మనీ వాహనదారుల క్లబ్ ఏడీఏసీ చేసే టైర్ టెస్టు చూడండి. అయితే 2023 నుంచి వాళ్ల మొత్తం మార్కుల్లో 30 శాతం పర్యావరణానికే ఇస్తున్నారు, కాబట్టి చివరి ర్యాంకు చూసి ఆగిపోకుండా తడి రోడ్డు మార్కులు విడిగా చదవండి. ట్రెడ్, అంటే టైరు మీది గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్ల దాకా చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఏడీఏసీ 3 దగ్గరే మార్చమంటుంది, నేనూ అదే పాటిస్తాను.

బడ్జెట్ కొంచెం పెంచగలిగితే తడిలో ‘ఎ’, మైలేజ్‌లో ‘బి’ ఉన్నవి వెతకండి. రబ్బరులో సిలికా కలపడం వచ్చాక రెండూ ఒకే టైరులో దొరుకుతున్నాయి. ఎలక్ట్రిక్ కారైతే రేంజ్ కోసం మైలేజ్ గ్రేడ్‌కి ఇంకొంచెం విలువివ్వచ్చు, అప్పుడు కూడా తడి గ్రిప్‌లో ‘బి’ కన్నా కిందకి దిగొద్దు.

పెట్రోల్ మిగలాలంటే నెలకోసారి బంకులో గాలి చూసుకోండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ఎంత ఉండాలో పెట్రోల్ మూత లోపలో, డ్రైవర్ డోర్ దగ్గరో స్టిక్కర్ మీద ఉంటుంది. లగేజీతో నిండుగా వెళ్లేటప్పుడు ఉండాల్సిన గాలి వేరేగా రాసి ఉంటుంది, అది కూడా చూడండి.